సాగర్ రొయ్యకు రెండు వందలు ఎక్కువ పెట్టాలా?

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ. ఆదివారం వస్తే చాలు ఇంట్లో రొయ్యల పంచాయితీ. మా ఆయన బండి దగ్గర "నాటు రొయ్యలు, సాగర్‌వి" అంటే నమ్మి కిలోకు రెండు వందలు ఎక్కువ పెట్టి తెస్తాడు. నేను మార్కెట్లో భీమవరం రొయ్యలు తెస్తే అత్తమ్మ ముట్టదు. ఫారం రొయ్యలకు బలం ఉండదు, ఇంజక్షన్లిచ్చి పెంచుతారు అంటుంది. ఆమెకు అరవై రెండేళ్లు, బీపీ, కొలెస్ట్రాల్ ఉన్నాయి. మా ఆడబిడ్డ అయిదో నెలతో పుట్టింటికి వచ్చింది. వానలు పడ్డాక మా కుంటలో ఎండ్రికాయలు పడతారు, మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు కదా, అవి పిల్లలకు పెట్టొచ్చా? ఇంకోటి, ఏడేళ్ల మా చిన్నోడికి ఫారం రొయ్యలు తింటే పెదవులు దురద పెట్టి కొంచెం ఉబ్బుతాయి, అందుకే వాడికి నాటువే పెడదామని మా ఆయన అంటున్నాడు. నిజంగా నాటుకూ ఫారంకూ అంత తేడా ఉందా?

జవాబు: చెల్లె, నువ్వు చివర్న ఒక్క ముక్కలో రాసిన చిన్నోడి సంగతే ముందు మాట్లాడతాను. మిగతావన్నీ డబ్బుల పంచాయితీ, అత్తాకోడళ్ల పంచాయితీ. ఇదొక్కటే ప్రాణం మీదికి వచ్చేది. రొయ్య తిన్నాక పెదవి దురద పెట్టి ఉబ్బడం అంటే చాలావరకు అలర్జీ. అది మేత వల్లనో మందుల వల్లనో వచ్చేది కాదు, రొయ్య కండలోనే ట్రోపోమయోసిన్ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, సాధారణంగా దాని పనే అది. అది సముద్రం రొయ్యలోనూ, చెరువు రొయ్యలోనూ, సాగర్ రొయ్యలోనూ, మీ కుంట ఎండ్రికాయలోనూ ఉంటుంది, ఎంత ఉడికించినా పోదు. బొద్దింకల్లో, పరుపుల దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగుల్లో కూడా దాని చుట్టమే ఉంటుంది కాబట్టి దుమ్ముకు తుమ్ములొచ్చే పిల్లలు కొందరికి రొయ్య కూడా పడదు. కాబట్టి "నాటువి పెట్టి చూద్దాం" అనే ప్రయోగం వద్దే వద్దు. ఈసారి పెదవి, ఇంకోసారి గొంతు కావచ్చు. అలర్జీ చూసే డాక్టర్ దగ్గర పరీక్ష అయ్యేదాకా వాడికి రొయ్యలు, ఎండ్రికాయలు, ఎండు రొయ్యల పొడి అన్నీ బంద్, రొయ్యలు వేయించిన నూనెలో వాడికి అప్పడం కూడా వేయించకు. ఎప్పుడైనా పొరపాటున తిని ఊపిరాడకపోతే, గొంతు బిగిస్తే, వరసగా వాంతులైతే ఇంట్లో చిట్కాలు చూసుకుంటూ కూర్చోకండి, ఆసుపత్రికి బండి తీయండి. చేపల్లో అలర్జీ తెచ్చే ప్రోటీన్ వేరు, కాబట్టి రవ్వ, బొచ్చె కూడా జీవితాంతం పోయినట్టే అని బాధపడకు. ఆ మాట కూడా డాక్టర్‌నే అడుగు.

ఇక బలం సంగతి. అత్తమ్మ బలం అంటే ప్రోటీనే అనుకుంటే, పంచాయితీ ఇక్కడే అయిపోతుంది. ఏ రొయ్యయినా పొట్టు తీసిన పచ్చి కండ వంద గ్రాముల్లో ప్రోటీన్ 20 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, కొవ్వు ఒక గ్రాము చుట్టుపక్కల, కేలరీలు వందలోపే. నదిలో తిరిగిందా మడుగులో మేత తిన్నదా అన్నదాన్ని బట్టి ఈ లెక్క పెద్దగా కదలదు. బి12, సెలీనియం, జింక్, రాగి రెండింట్లోనూ ఉంటాయి. కదిలేది కొవ్వు ఒక్కటే, అంటే ఎంత కొవ్వు అని కాదు, ఎలాంటి కొవ్వు అని. ఫారం రొయ్య మేతలో చేపపొడితో పాటు సోయా, గోధుమ పిండి ఉంటాయి కాబట్టి సోయా నుంచి వచ్చే ఒమేగా-6 రకం కొవ్వు దాని ఒంట్లో ఎక్కువ కనపడుతుంది, సముద్రంలో తిరిగిన దాంట్లో ఒమేగా-3 రకం కొవ్వు వాటా మెరుగ్గా ఉంటుంది. ఇది నిజమైన తేడానే, నేను కాదనను. కానీ ఉన్నదే గ్రాము కొవ్వు, అందులో పనికొచ్చే ఒమేగా-3 చూస్తే వంద గ్రాముల రొయ్యకు పావు గ్రాము ఉంటే గొప్ప. ఆ పావులో తేడా కోసం రెండు వందలు పెట్టడం కంటే, ఎప్పుడైనా మార్కెట్‌కు సముద్రపు కవళ్లు (సార్డిన్ చేపలు) వస్తే అవి కొనుక్కో, తక్కువ డబ్బులకు నాలుగైదు రెట్లు ఒమేగా-3 వస్తుంది. ముళ్లు ఎక్కువ, అది ఒప్పుకుంటాను.

ఇంకో మాట, సాగర్ రొయ్య సముద్రం రొయ్య కాదు. మంచినీళ్ల రొయ్యలో సముద్రం దానికంటే ఒమేగా-3 తక్కువ, అయోడిన్ అయితే బాగా తక్కువ. కాబట్టి "వైల్డ్ రొయ్యలో ఒమేగా ఎక్కువ" అని ఫోన్లో వచ్చే వీడియోలు సముద్రంలో వల వేసి పట్టిన రొయ్య గురించి చెబుతున్నాయి, మన కృష్ణ నీళ్ల రొయ్యకు ఆ లెక్క తగిలించకూడదు.

అసలు నాటు, చెరువు అనే మాటల దగ్గరే నాకు పేచీ. కోస్తా వాళ్లు చెరువు రొయ్య అంటే మేత వేసి, గాలి చక్రాలు తిప్పి, మూడు నాలుగు నెలల్లో పట్టేసే ఫారం రొయ్య. అందులో ఇప్పుడు ఎక్కువ వనామీనే, లాటిన్ అమెరికా పసిఫిక్ తీరం నుంచి వచ్చి మన దేశంలో 2009 నుంచి పెద్ద ఎత్తున సాగులోకి దిగిన జాతి. మన దిక్కు చెరువు రొయ్య అంటే మన ఊరి చెరువులోదే, ఎవరూ మేత వేయరు, అందులో దొరికింది తిని పెరుగుతుంది. ఒకే మాట, రెండు అర్థాలు, వ్యాపారికి ఏది లాభమైతే ఆ అర్థం. ఇక సాగర్‌లో పడే పెద్ద నీలకంఠ రొయ్య కథ ఇంకోలా ఉంటుంది. తల్లి రొయ్య గుడ్లు మోసుకుని సముద్రపు ఉప్పు నీళ్లు కలిసే చోటికి దిగాలి, పిల్లలు పుట్టగానే మంచినీళ్లలో బతకవు, కొంచెం ఎదిగాక మళ్లీ ఏరు ఎదురెక్కి రావాలి. ప్రకాశం బ్యారేజీ, పులిచింతల, 1967లో నీళ్లు వదిలిన నాగార్జున సాగర్ డ్యాం, ఇన్ని గోడలు దాటి ఏ రొయ్య పిల్ల ఎక్కి వస్తుంది? అందుకే హ్యాచరీలో పుట్టిన పిల్లలను తెచ్చి వదులుతారు, 2017 నుంచి తెలంగాణ రిజర్వాయర్లలో ప్రభుత్వమే వదులుతోంది. అంటే మీ ఆయన తెచ్చేది నిజంగా సాగర్‌దే అయినా పుట్టింది హ్యాచరీలో, పెరిగింది నీళ్లలో దొరికింది తిని. పూర్తిగా నాటు అనలేం, ఫారం అనలేం.

"నిజంగా సాగర్‌దే అయితే" అన్నాను చూడు, అది ఊరికే అనలేదు. నేనూ ఒకసారి పాలమూరులో "జూరాల రొయ్యలు" అని నమ్మి కిలోన్నర తెచ్చి, కడుగుతుంటే అన్నీ వనామీలే అని తేలి తల పట్టుకున్నాను. అప్పటి నుంచి తల ఉన్న రొయ్యనే కొంటాను, ఎందుకంటే తలలేని రొయ్య ఏ ఊరిదైనా కావచ్చు. చూసే పద్ధతి నేర్చుకో, ఒక్క నిమిషం పని. రొయ్యను పక్కకు పడుకోబెట్టి ఒంటి మీద పొట్టు గట్లు (పలకలు) చూడు, తల పక్కది మొదటి గట్టు. రెండో గట్టు అంచు ముందున్న మొదటి దాని మీదకూ వెనకున్న మూడో దాని మీదకూ, రెండు వైపులా కప్పి ఉంటే అది మంచినీళ్ల రొయ్య. మూడో దాని మీద మాత్రమే ఉండి, మొదటి గట్టు కిందికి దూరి ఉంటే అది వనామీ, టైగర్ లాంటి సముద్రపు జాతి. పెద్ద మగ నీలకంఠకు పొడుగాటి నీలం కొండీలు ఉంటాయి, అయితే ఐసు పెట్టెలో అవి చాలాసార్లు విరిగిపోతాయి కాబట్టి గట్లే నమ్మకం. పొట్ట కింద గుడ్ల గుత్తి అంటుకుని ఉందా, ఇంకేం చూడక్కర్లేదు, వనామీ గుడ్లు మోయదు, నీళ్లలో వదిలేస్తుంది. ఈ పరీక్ష జాతిని చెబుతుంది గానీ ఏ నీళ్లదో చెప్పదు, మంచినీళ్ల రొయ్యను కూడా ఫారంలో పెంచుతారు. అయినా వనామీని తెచ్చి సాగర్‌ది అని అంటగట్టేవాడు మాత్రం దొరికిపోతాడు.

ఇప్పుడు రెండు వందల లెక్క. నీలకంఠకు తలకాయ చాలా పెద్దది. తల, పొట్టు తీస్తే కిలోకు సగం కూడా కండ మిగలదు, వనామీకి సగానికి కాస్త పైనే మిగులుతుంది. అంటే మీ ఆయన రెండు వందలు ఎక్కువ పెట్టి తక్కువ కండ ఇంటికి తెస్తున్నాడు. రుచి కోసం, ఆ తలకాయల పులుసు కోసం తెస్తానంటే తెచ్చుకోనీ, నేనూ తెచ్చుకుంటాను, అందులో తప్పేం లేదు. బలం పేరు మాత్రం పెట్టొద్దను.

నన్నడిగితే నాటా ఫారమా అన్నదాని కంటే ఎన్ని రోజులు ఐసులో ఉంది, ఎన్ని నీళ్లు తాగింది అన్నదే నీ గిన్నెలోకి వచ్చే బలాన్ని మార్చేది. ప్యాకెట్లలో వచ్చే గడ్డకట్టిన రొయ్యలను కొన్నిచోట్ల ఫాస్ఫేట్ నీళ్లలో నానబెడతారు, కండ నీళ్లు పట్టుకుని బరువు పెరుగుతుంది. అమెరికా వ్యవసాయ శాఖ పట్టికలో ఇలా నీరు పట్టిన రొయ్యకూ మామూలు రొయ్యకూ విడిగా లెక్కలున్నాయి. మామూలు దాంట్లో వంద గ్రాములకు ప్రోటీన్ 20 గ్రాములు, సోడియం (ఉప్పులో ఉండేదే) 119 మిల్లీగ్రాములు. నీరు పట్టిన దాంట్లో ప్రోటీన్ 13.6 గ్రాములు, సోడియం 566 మిల్లీగ్రాములు. చూశావా, నాటుకూ ఫారంకూ మధ్య లేని తేడా నానబెట్టిన దానికీ నానబెట్టని దానికీ మధ్య ఉంది. బీపీ ఉన్న అత్తమ్మకు అసలు చూసుకోవాల్సింది ఇది. ప్యాకెట్ మీద పదార్థాల దగ్గర 451, 452 నంబర్లు కనపడితే అవే ఫాస్ఫేట్లు. విడిగా కొన్నదైతే పెనం మీద తెలుస్తుంది: అద్దంలా మెరుస్తూ ఉండి, వేయగానే చెరువులా నీళ్లు వదిలి, చివరికి చిటికెన వేలంత అయిపోతే నానినట్టే.

తాజాదనం విషయానికొస్తే వాసన ముందు. అమ్మోనియా ఘాటు వస్తే బేరమే ఆడకు. తల నల్లబడటం మొదలైతే కుళ్లినట్టు కాదు, కోసిన ఆపిల్ ముక్క నల్లబడుతుంది కదా అలాంటిదే, కానీ పట్టి చాలాసేపైందని గుర్తు. మంచినీళ్ల రొయ్య అయితే ఇంకా తొందరపడాలి, తలలో ఉండే అరుగుదల రసాలు కండలోకి దిగి ఒక్కరోజులో మెత్తగా పిండిలా చేసేస్తాయి. సాగర్ నుంచి దేవరకొండ దగ్గరే కదా అని కవరులో వేసుకుని ఎండలో తెస్తే ఆ రెండు వందలూ అక్కడే పోతాయి. కొన్నచోటే తలలు తీయించి, ఐసు వేయించుకుని తెమ్మను. తలలు కావాలంటే వేరే కవరులో.

ఇంజక్షన్ మాటకు నాకు నవ్వొస్తుంది గానీ అత్తమ్మ ముందు నవ్వకు. మడుగుకు లక్షల్లో పిల్లలు వేస్తారు, ఒక్కోదాన్ని పట్టి సూది పొడిచేది ఎవరు? కానీ ఆ భయం వెనక ఉన్న అసలు విషయం యాంటీబయాటిక్స్. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ మందులను రొయ్యల సాగులో మన దగ్గర నిషేధించారు, అయినా అవశేషాలు దొరికాయని ఎగుమతి సరుకు వెనక్కి వచ్చిన సందర్భాలున్నాయి. ఎగుమతి సరుకుకు అయ్యే పరీక్ష మన వీధి చివర బండి మీది రొయ్యకు కాదు. కాబట్టి అత్తమ్మ అనుమానంలో కొంత నిజం ఉంది, సూది దగ్గర మాత్రమే తప్పింది. చేయగలిగింది ఏంటంటే, తల తీసేయడం, వీపు మీది నల్ల దారం తీయడం (అది నరం కాదు, పేగు), ప్రతి ఆదివారం రొయ్యే కాకుండా మధ్యలో చేప, కోడి మారుస్తూ ఉండటం.

కొలెస్ట్రాల్. రొయ్యలో ఎక్కువే, వంద గ్రాములకు 150 మిల్లీగ్రాముల పైన, ఇంచుమించు ఒక గుడ్డంత. ఇందులో కూడా నాటు ఫారం తేడా పట్టించుకోవాల్సినంత లేదు. తమాషా ఏంటంటే రొయ్య తన ఒంట్లో కొలెస్ట్రాల్ తయారు చేసుకోలేదు, దానికి కూడా తిండి నుంచే రావాలి, అందుకే ఫారం మేతలో కలుపుతారు. మనకు మాత్రం రక్తంలో కొలెస్ట్రాల్ పెంచడంలో పేరిన కొవ్వులదే పెద్ద చేయి, రొయ్యలో అవి దాదాపు లేవు. 1996లో అమెరికాలో కొందరికి రోజుకు 300 గ్రాముల రొయ్యలు పెట్టి చూశారు. చెడ్డ కొలెస్ట్రాల్ 7 శాతం పెరిగింది, మంచిది 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 13 శాతం తగ్గాయి. అయితే వాళ్లు ఆవిరి మీద ఉడికించి తిన్నారు, మనలా డాల్డాలో వేయించి పైన కొబ్బరి పేస్టు వేసి కాదు. అత్తమ్మకు వారానికి ఒకసారి, పొట్టు తీసిన కండ ఒక చిన్న గిన్నెడు, ఇగురు కాకుండా బీరకాయతోనో సొరకాయతోనో కూరలా పెట్టు. డాక్టర్ ఆమెకు ప్రత్యేకంగా వద్దన్నా, మోకాళ్ల నొప్పులకు యూరిక్ యాసిడ్ ఎక్కువని చెప్పి ఉన్నా, ఆ మాటే వినాలి, నా మాట కాదు.

మీ ఆడబిడ్డ తినొచ్చు. రొయ్యల్లో పాదరసం తక్కువ, కడుపుతో ఉన్నవాళ్లు తినదగిన సముద్రపు ఆహారంలో అమెరికా ఎఫ్‌డీఏ (అక్కడి ఆహారం, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) రొయ్యలను మంచి వరసలోనే పెట్టింది. బాగా ఉడకాలి, అంతే. కండ లోపల పారదర్శకంగా ఏ మూలా ఉండకూడదు. నిన్నటి కూర మళ్లీ వేడి చేసి పెట్టకు. రక్తం తక్కువుందని రొయ్యలు పెడుతున్నారేమో, అలాగైతే చెబుతున్నా, రొయ్యలో ఐరన్ గొప్పగా ఏం లేదు. ఆమె మాత్రలు ఆమె వేసుకోవాలి.

ఇక మీ కుంట ఎండ్రికాయలు. ఫ్లోరైడ్ భయం మన జిల్లా వాళ్లకు ఎందుకుంటుందో నాకు తెలుసు, వంకరపోయిన కాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. ఫ్లోరైడ్ తీసే పద్ధతికే నల్లగొండ టెక్నిక్ అని పేరు పడింది, పటిక, సున్నం వేసి నీళ్లు తేర్చే ఆ పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారు చేసింది. ప్రపంచంలో ఎక్కడి నీటి పుస్తకాల్లోనైనా మన ఊరి పేరు కనపడేది ఆ కష్టం వల్లనే. కానీ ఫ్లోరైడ్ ప్రధానంగా రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీళ్లది, కుంటలో నిలిచేది వాన నీళ్లు, సాధారణంగా అందులో తక్కువ. ఇక జంతువు ఒంట్లోకి చేరింది కూడా ఎముకల్లో, చిప్పల్లో పోగవుతుంది గానీ మెత్తటి కండలో కాదు. అంటార్కిటికా సముద్రంలో క్రిల్ అని చిన్న రొయ్య లాంటిది ఉంటుంది, దాని పొట్టులో ఫ్లోరైడ్ విపరీతం, చచ్చాక అలాగే నిల్వ పెడితే పొట్టులోంచి కండలోకి దిగుతుంది, అందుకే పట్టగానే పొట్టు తీస్తారు. మనమూ అదే పాటిద్దాం. తాజాగా వండటం, పిల్లలు చిప్పలు నమలకుండా లోపలి కండే తినడం. చిన్నోడికి ఎలాగూ లేదు, పెద్ద పిల్లలుంటే వాళ్లకు. ఫ్లోరైడ్ గురించి నిజంగా చూసుకోవాల్సింది వాళ్లు తాగే నీళ్లు, వండే నీళ్లు. నల్లాలో కృష్ణ నీళ్లు వస్తుంటే అవే వాడు, బోరు నీళ్లు పోసి పప్పు ఉడికించకు.

ఎండ్రికాయలను సగం కాల్చి తినే అలవాటు మాత్రం మానండి, పొలం గట్ల మీద మంట వేసి పిల్లలు కాల్చుకుంటారు కదా, అది. మంచినీళ్ల ఎండ్రికాయల్లో ఊపిరితిత్తుల్లో చేరే ఒక పురుగు ఉంటుంది, మణిపూర్ వైపు దాని వల్ల టీబీ లాంటి దగ్గు, రక్తం పడటం కనపడుతుంటాయి. మన దగ్గర అంత కాకపోయినా బాగా ఉడికిస్తే ఆ భయమే ఉండదు.

నీకు అవసరం లేదు గానీ ఇది చదివే సూర్యాపేట, భువనగిరి దిక్కు వాళ్లకు ఒక మాట. హైదరాబాద్ మురికి మోసుకొచ్చి వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీలో, దాని కాలువలతో నిండే చెరువుల్లో నత్తలు, ఆల్చిప్పలు, ఎండ్రికాయలు ఏరి తినకండి. అవి అడుగు బురదలో బతికేవి, నీటిలో ఉన్న సీసం లాంటివి ఒంట్లో పోగేసుకుంటాయి, వాటిని ఉడికించి పోగొట్టలేం. అక్కడ నాటు కంటే ఫారమే వెయ్యి రెట్లు నయం.

చివరగా, నువ్వు అడగలేదు కానీ బీపీ మాట రాగానే గుర్తొచ్చింది, ఎండు రొయ్యలు. మన అంగడిలో కుప్ప పోసి అమ్మేవి. నీళ్లు పోయి ప్రోటీన్ చిక్కబడి ఉంటుంది, పొట్టుతోనే తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది, చింతచిగురుతో వండితే నేనూ రెండు ముద్దలు ఎక్కువే తింటాను. కానీ ఉప్పు చిక్కబడి ఉంటుంది, ఇసుక కూడా. అత్తమ్మ ఉన్న ఇంట్లో తలలు, కాళ్లు గిల్లేసి, వేడి నీళ్లలో పది నిమిషాలు నానేసి, గట్టిగా పిండేసి, నీళ్లు మార్చి ఇంకోసారి అలాగే చెయ్యి. కూరలో ఉప్పు వేసే ముందు పులుసు ఒక చుక్క నాలుక మీద వేసి చూడు, చాలాసార్లు వేయాల్సిన పనే ఉండదు.